బండి కాయ

అడిగింది దక్కకముందే దేవుడికి దండం పెట్టేస్తే అది నమ్మకమా, తొందరపాటా? ఈ సందేహం నన్ను నా పెళ్ళి రోజున పట్టుకుంది. ఇన్నేళ్ళూ నాతోనే ఉంది. శుక్రవారం గుడికి వెళ్ళినప్పుడల్లా అమ్మవారి ముందు నిలబడి దాన్ని ఒకసారి తలుచుకుంటాను. ఆవిడ ఏమీ చెప్పదు. నేనూ తొందరపెట్టను.

మా పెళ్ళి మలేషియాలోని బంటింగ్‌లో, పాత ఎస్టేట్ గుడిలో జరిగింది. తాళి కట్టిన తర్వాత మమ్మల్ని కారు ఎక్కించే ముందు చక్రాల దగ్గర కొబ్బరికాయ కొట్టాలి. మా వాళ్ళలో ఆ పని పెళ్ళికూతురి తండ్రి చేస్తాడు. మా మామగారు, ఆయన పేరు అప్పడు, కాయ చేతికి ఇవ్వబోతే తీసుకోలేదు. చేతులు వీపు వెనక్కి పెట్టుకుని పక్కకి జరిగిపోయాడు. వాళ్ళ తమ్ముడు వరస ఆయన ఎవరో గబగబా వచ్చి కొట్టేశాడు.

మా అక్క నా చెవి దగ్గరికి వంగి, "ఏట్రా శంకరూ, మీ మావకి మనం నచ్చనేదేటి?" అంది.

నేనూ అదే అనుకున్నాను. కారు కదిలాక విజయరాణిని అడిగాను. కొత్త పెళ్ళికూతురు. తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"మా నాన్న కాయ కొట్టడు. కూర్మయ్య పోయిన కాడ్నించి ముట్టుకోడు."

"కూర్మయ్య ఎవులు?"

అప్పుడు తల ఎత్తింది. ఆ పేరు తెలియని మనిషికి నన్ను ఇచ్చారా అన్నట్టు చూసింది.

కూర్మయ్య రేసు కార్లు తోలేవాడు. డెబ్బైల మొదట్లో మాట. నేను ఆయన్ని చూడలేదు, నాకప్పుడు ఊహ తెలియదు. క్లాంగ్ అవతల ఉండే ఆ రేసు బాటని కూడా చూడలేదు. ఇప్పుడు దాని మీద మేడలు, బట్టలు ఉతికే దుకాణాలు, ఒక పెద్ద మార్కెట్టు ఉన్నాయి. నాకు తెలిసినదంతా విన్నదే. అయితే ఒకే సంగతిని ఇంతమంది నోట, ఇన్నేళ్ళు విన్న తర్వాత చూసినట్టే అయింది.

ఆయన తండ్రి ఎస్టేటులో రబ్బరు పాల లారీ తోలేవాడు. కూర్మయ్య పదేళ్ళ వయసు నుంచే తండ్రి ఒళ్ళో కూర్చుని ఎర్రమట్టి బాటల మీద స్టీరింగ్ పట్టాడట. పెద్దయ్యాక క్లాంగ్‌లో ఒక చీనా తౌకే వర్క్‌షాపులో పనికి కుదిరాడు. ఆ యజమానికి ఒక చిన్న కారు ఉండేది. నీలం రంగు ఒళ్ళు, తెల్ల కప్పు. దాన్ని రేసులకి తోలడానికి మనిషి కావాల్సి వచ్చి, ఒకరోజు కూర్మయ్యని కూర్చోబెట్టాడు. తర్వాత ఇంకెవరినీ కూర్చోబెట్టలేదు. "పేరు సూస్తే తాబేలు, ఉరుకు సూడు ఎలగున్నాదో" అని ఎస్టేటులో ముసలమ్మలు నవ్వుకునేవారట.

ఆ రోజుల్లో రేసు వేరు. బాటకీ జనానికీ మధ్య గడ్డిమోపులు, కొన్నిచోట్ల పాత టైర్లు, చాలాచోట్ల ఏమీ ఉండేది కాదు. తోలేవాడి టోపీకి ముఖం మీద కప్పు ఉండదు. నడుముకి ఒక పట్టీ, అంతే. ఏటా ఎవరో ఒకరు పోయేవారు. వచ్చే ఆదివారం మిగిలినవాళ్ళు మళ్ళీ తోలేవారు. ఎవరూ దాన్ని వింతగా చూడలేదంటారు. తోటలో పాము కరిచి పోయేవాళ్ళు పోతున్నారు, జ్వరం వచ్చి పోయేవాళ్ళు పోతున్నారు, ఇదీ ఒకటి.

మా వాళ్ళు మాత్రం తమకి తెలిసిన జాగ్రత్త చేశారు. రేసుకి ముందు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. రేసు అయ్యాక బండి ముందు ఒక కొబ్బరికాయ. ఈ కాయ విషయంలో కూర్మయ్య ఒక కట్టడి పెట్టాడు. కాయ ఆయనకి కాదు, బండికి. "నాకు అమ్మ ఉన్నాది, సెల్లి ఉన్నాది, మీరందరూ ఉన్నారు. దీనికెవులున్నారు? కాయ దీనికే" అనేవాడట. బండి రేసు బాట పక్కనున్న షెడ్డుకి వచ్చి ఆగాలి, ఇంజన్ ఆరాలి, ఆయన దిగాలి. అప్పుడే కొట్టాలి. దాన్ని అందరూ బండి కాయ అనేవారు. కొట్టే పని ఆయన స్నేహితుడు అప్పడిది, అంటే మా మామది.

ఎస్టేటు నుంచి లారీ నిండా జనం వెళ్ళేవారు. షెడ్డుకి ఎదురుగా, బాటకి అవతల ఎర్రమట్టి గట్టు మీద కూర్చునేవారు. వాళ్ళకి జెండాలూ, ఎవరు ఎన్ని చుట్లు తిరిగారన్న లెక్కలూ అర్థమయ్యేవి కావు. కాయ పగిలిందంటే రేసు అయిపోయినట్టు. అప్పుడు గట్టు దిగి, బాట దాటి, బండి దగ్గరికి పరిగెత్తేవారు. ప్రతిసారీ అంతే.

చివరి రేసు రోజున వాన. సింగపూరు నుంచి వచ్చిన పెద్ద కారుని కూర్మయ్య మొదటిసారి ఓడించాడు. ఆఖరి చుట్టులో, జెండాకి కొంచెం ముందు. మా మామ గెంతాడు, అరిచాడు, చేతిలో ఉన్న కాయని ఎత్తి షెడ్డు ముందు రాతికి కొట్టేశాడు. జెండా పడ్డాక బండ్లు మెల్లగా ఇంకొక చుట్టు తిరిగి షెడ్డుకి వస్తాయి. ఆ సంగతి మామకి తెలుసు. ఆ క్షణంలో గుర్తులేదు. గట్టు మీద వాళ్ళకి కాయ పగలడం కనిపించింది. దిగారు.

కూర్మయ్య చివరి మలుపు తిరిగి వచ్చేసరికి బాట నిండా తన వాళ్ళే. ఆయన ఒక చెయ్యి కిటికీ బయట పెట్టి ఊపుతూ వస్తున్నాడట. రెండో చేత్తోనే స్టీరింగు పక్కకి తిప్పాడు. అటు పక్క పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉంది. జనంలో ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

ఇదీ జరిగింది. మా మామ ఆ తర్వాత కాయ ముట్టుకోలేదు. కూర్మయ్య చెల్లెలు మరిడమ్మ మా మామతో మాట మానేసింది. ఇద్దరూ ఒకే గుడికి వచ్చేవారు. ఆవిడ లోపల ఉంటే ఈయన బయట చెప్పుల దగ్గర నిలబడేవాడు. ఆవిడ తల తిప్పుకుని వెళ్ళిపోయాక లోపలికి వెళ్ళేవాడు. ఆమె పోర్ట్ క్లాంగ్‌కి మారిపోయాక కూడా పండగలకి వస్తే అంతే. అందరూ అనుకునేది ఒకటే. అమ్మవారికి ముందే మొక్కు చెల్లించేసి అప్పడు తప్పు చేశాడు, తల్లికి కోపం వచ్చింది, మరిడమ్మ క్షమించలేదు.

నాకు ఇక్కడే అనుమానం. తల్లికి కోపం వస్తే కాయ కొట్టినవాడి మీద రావాలి కదా. బండిలో ఉన్నవాడి మీద ఎందుకు వచ్చింది? ఒకసారి మా పూజారిని అడిగాను. "ఇలాంటివి అడక్కూడదు శంకర్" అన్నాడు. అడక్కూడదంటే జవాబు ఉందనా, లేదనా అన్నది కూడా అడగలేదు.

ఏటా ఆ చివరి రేసు రోజుకి దగ్గరలో ఒక ఆదివారం, క్లాంగ్‌లో పువనేశన్ వర్క్‌షాపులో కూర్మయ్య అభిమానులు కలుస్తారు. పువనేశన్ తమిళుడు, నా ఈడువాడే. అతని తండ్రి గట్టు మీద కూర్చున్నవాళ్ళలో ఒకడు. కార్లు పక్కకి నెట్టి, బల్లలు వేసి, గోడ మీద కూర్మయ్య ఫొటోకి మల్లెదండ వేస్తారు. అరిటాకుల్లో భోజనం పెడతారు. మా మామ ఎప్పుడూ వెళ్ళలేదు. నన్ను పంపేవాడు. నేను తిరిగి వచ్చేసరికి వరండాలో కూర్చుని ఉండేవాడు.

"ఏటి మాటాడుకున్నారు?"

అన్నీ చెప్పాలి. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, పులుసులో ఏం వేశారు. చివరికి ఒక ప్రశ్న మిగిలేది. దాన్ని ఆయన అడిగేవాడు కాదు. నేనే చెప్పేవాణ్ణి.

"నీ మాట ఎవరూ ఎత్తలేదు మావా."

"ఊఁ" అని లోపలికి వెళ్ళిపోయేవాడు.

అక్కడ ముసలివాళ్ళు ఏటా అదే తగువు పెట్టుకునేవారు. పకీరిసామి అనే ఆయన, ఒకప్పుడు బస్సు డ్రైవరు, బాట మీద నూనె పడి ఉందంటాడు.

"నూనె లేదు, ఒకటీ లేదు. బ్రేకు పట్టలేదు" అంటాడు ఇంకొకాయన.

"నువ్వు చూశావా?"

"నువ్వు చూశావా? నువ్వు గట్టు వెనక ఐస్ కచాంగ్ తింటున్నావు, నాకు తెలీదనుకున్నావా?"

"తింటూ చూశాను లా! నోటితో చూస్తారా ఎవరైనా?" అనేవాడు పకీరిసామి, ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

అందరూ నవ్వేవారు. నూనె అన్నారు, బ్రేకు అన్నారు, వాన అన్నారు, ఒంటి చెయ్యి అన్నారు. ఇంతమంది గట్టు దిగినవాళ్ళు ఆ బల్లల దగ్గర కూర్చుని ఉండగా, జనం బాట మీదికి వచ్చారన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. నేను అల్లుణ్ణి, పైగా చూడనివాణ్ణి. వింటూ తింటూ ఉండేవాణ్ణి.

ఈ ఏడాది భోజనాలు అయ్యాక పువనేశన్ అందరినీ వెనక షెడ్డుకి తీసుకెళ్ళాడు. టార్పాలిన్ లాగాడు. కింద నీలం రంగు చిన్న కారు, తెల్ల కప్పు.

మువార్ దగ్గర ఒకరి పాకలో దొరికిందట. కోళ్ళు లోపల గుడ్లు పెట్టేవట. ప్రమాదం తర్వాత తౌకే దాన్ని తుక్కుకి అమ్మేశాడు. అది చేతులు మారి మారి అక్కడికి చేరింది. పువనేశన్ దాన్ని తెచ్చి, ఎవరికీ చెప్పకుండా ఏళ్ళ తరబడి బాగుచేశాడు. ముందు భాగం చాలావరకు కొత్త రేకు. తలుపులు, కప్పు, స్టీరింగు పాతవే.

పకీరిసామి ఆ స్టీరింగు మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. ఆ పూట నూనె మాట ఎత్తలేదు.

"దీన్ని బంటింగ్ గుడికి తీసుకెళ్తాం" అన్నాడు పువనేశన్. "ఆ రోజు పొద్దున అక్కడి నుంచే కదా బయల్దేరింది. మళ్ళీ వెళ్ళలేదు. శంకర్ అణ్ణే, మరిడమ్మగారిని నువ్వు అడగాలి. ఆవిడ వద్దంటే తీసుకెళ్ళను."

"నేనా? నేను ఎవరి అల్లుణ్ణో తెలుసుగా."

"తెలుసు. అయినా నువ్వు గుడి మనిషివి. నిన్ను గెంటెయ్యదు లా."

గెంటెయ్యలేదు. మరిడమ్మ పోర్ట్ క్లాంగ్‌లో మనవరాలు రుబిని దగ్గర, మూడో అంతస్తులో ఉంటోంది. రుబిని షిప్పింగ్ ఆఫీసులో పనిచేస్తుంది. మన మాట అర్థమవుతుంది, తిరిగి చెప్పమంటే తడబడుతుంది. ఆ అమ్మాయి టీ తెచ్చి పెట్టి, ఒక మూల ఫోను చూస్తూ కూర్చుంది. కిటికీలోంచి కంటైనర్లు ఎత్తే క్రేన్లు కనిపిస్తున్నాయి. రిటైరయ్యేదాకా నేను పనిచేసిన గోదాము కూడా అటువైపే.

నేను కారు గురించి చెప్పాను. ఆవిడ కదలకుండా విన్నది.

"తోలితే నడుస్తాదా?" అంది.

"నడుస్తాదంట పెద్దమ్మా."

"అయితే రమ్మను. బండి ఇంటికొస్తానంటే నానెవుర్ని వద్దనడానికి? కాయ ఎవులు కొడతారు?"

"పువనేశన్ కొడతాడు. లేకపోతే పూజారి."

"ఆల్లు కాదు. బండి కాయ అప్పడన్న కొట్టాల."

ఆవిడ నోట ఆ పేరు నేను వినడం అదే మొదలు. రుబిని కూడా ఫోను మీంచి తల ఎత్తింది.

"మావ కాయ ముట్టుకోడు పెద్దమ్మా. మీకు తెలుసుగా."

"తెలుసు."

"మీరు కోపంగా ఉన్నారని..."

"నాకు కోపమని ఎవులు సెప్పినారు?" గొంతు పెంచలేదు, విసుగు మాత్రం వినపడింది. "కాయ అన్న కొట్టినాడు. గట్టు దిగినోలం మేము. ముందు దిగింది నాను. నాను పరిగెత్తినానని నా ఎనకమాల అందరూ వచ్చినారు. మా అన్న బాట మీద సూసింది నన్నే. కారు తిప్పింది నన్ను సూసే."

టీ మీద మీగడ కట్టింది. రుబిని ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"మరి ఇన్నేళ్ళు ఎందుకు మాట్లాడలేదు?"

"ఏటని మాటాడేది? అప్పడన్న నా దిక్కు సూస్తే నాను దొరికిపోతానని బయం. అన్న తల దించుకున్నాడు. నాను తల తిప్పుకున్నాను. అలగే బతికేసినాం." చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. "జనం అన్ననే అన్నారు. నాను ఇన్నాను. కాదనలేదు."

నేను నా ప్రశ్న అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"అమ్మవారికి కోపం వచ్చిందంటారా పెద్దమ్మా?"

ఆవిడ నన్ను కొంచెం జాలిగా చూసింది.

"అమ్మవారు ఏటనుకున్నాదో నాకేటి తెలుసు బాబూ? నా కాళ్ళు ఏటి సేసినాయో అది తెలుసు." తర్వాత, "ఒక్కటి సెప్పు ఆయనకి. ఆ రోజు కొట్టింది గెలుపు కాయ. బండి కాయ కాదు. బండి ఇంటికి రానేదు, కాయ ఎలగ కొడతారు? అది ఇంకా బాకీయే" అంది.

"మీరే చెప్తే బావుంటుంది."

"నాను సెప్పలేను. నువ్వు సెప్పు."

రుబిని తలుపు దాకా వచ్చింది. "అంకుల్, పాటీ... ఎప్పుడూ సెప్పలే. నాకు కూడా" అంది, అవ్వని తమిళంలో అలా పిలుస్తూ.

కారులో వస్తూ దారంతా ఆలోచించాను. చెప్తే మామకి మంచిదా, చెడ్డదా? తప్పు తనది కాదని ఆ మనిషికి చెప్పలేను. కాయ పగలకపోతే ఎవరూ దిగేవాళ్ళు కాదు. అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు రాదు. విజయరాణితో అంటే, "మీరు ఆయన కాడ పూజారిలాగ మాటాడకండి, ఉన్నది ఉన్నట్టు సెప్పండి" అంది.

మామ వరండాలోనే ఉన్నాడు. కంటికి శుక్లాలు. మనిషి అలికిడిని బట్టి పోలుస్తాడు.

"ఏటి మాటాడుకున్నారు?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మరిడమ్మ మాటలు ఆవిడ అన్నట్టే చెప్పాను. మామ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"ముందు దిగింది అదేనని నాకు తెలుసు" అన్నాడు.

నేను ఊహించని మాట అది.

"తెలుసా?"

"షెడ్డు కాడ నిలబడినోడికి ఎదురు గట్టు కనపడదేటి? ఎర్ర పావడా. అదే ముందు దిగింది. ఎవులికీ సెప్పనేదు. సెప్తే ఆ పిల్ల బతుకునా? అయినా ఆల్లు దిగినారంటే నాను కొట్టబట్టే గదా."

"అవును మావా."

ఆయన తల ఊపాడు. ఎవరైనా కాదంటారని ఇన్నేళ్ళూ ఎదురుచూశాడో, అవునంటారని ఎదురుచూశాడో నాకు తెలియదు. ఇంట్లో ఎవరం ఏదీ అనలేదు.

"బాకీ అన్నాదా?"

"అదే మాట అంది. బండి ఇంటికి రాలేదు కాబట్టి కాయ ఇంకా బాకీయేనంట. నువ్వే కొట్టాలంట."

"నా సెయ్యి వణుకుతాది. ఒక్క దెబ్బకి పగలకపోతే?"

ఒక్క దెబ్బకి పగలని కాయని మా వాళ్ళు మంచిగా తీసుకోరు. ఆ భయం నాకూ ఉంది.

"పువనేశన్‌ని కొట్టమంటాను" అన్నాను.

"వొద్దు. కాయ నువ్వు తేవొద్దు. నాను ఏరుకుంటాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బంటింగ్ బజారులో కొబ్బరికాయల దుకాణం ముందు కూర్చున్నాడు. ఒక్కొక్క కాయనీ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, గోటితో కొట్టి విన్నాడు. దుకాణం అమ్మాయి విసుక్కుని, "తాతా, కాయ కొంటున్నావా, పెళ్ళిచూపులా?" అని తమిళంలో అంది. "రెండూ ఒకటే" అన్నాడు మామ. నాకు తెలిసినన్నాళ్ళలో ఆయన వేసిన హాస్యం అదొక్కటే.

ఆదివారం గుడి దగ్గర జనం కొంచెమే. గుడి చుట్టూ ఒకప్పుడు రబ్బరు చెట్లు, తర్వాత పామాయిల్, ఇప్పుడు రెండు వైపులా ఫ్యాక్టరీ గోడ. మరిడమ్మ రుబిని చెయ్యి పట్టుకుని వచ్చి మంటపం మెట్ల దగ్గర ఆడవాళ్ళతో నిలబడింది. మా మామ ఎదురుగా రాతి పక్కన, చేతిలో కాయతో. ఇద్దరి మధ్యా బండి రావాల్సిన జాగా. చెప్పుల దగ్గరికి పోలేదు. ఆవిడా తల తిప్పుకోలేదు.

పువనేశన్ కారుని జంక్షన్ దాకా లారీ మీద తెచ్చి, అక్కడి నుంచి తోలుకొచ్చాడు. చప్పుడు ముందు వచ్చింది. దాన్ని వినగానే పకీరిసామి టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. గోడ మలుపు తిరిగి నీలం కారు కనిపించింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. గేటు దాటగానే వెనక నుంచి ఎవరో అరిచారు.

"వచ్చేసింది! కొట్టండి తాతా!"

మామ కదలలేదు.

కారు మెల్లగా వచ్చి రాతి ముందు నిలిచింది. ఫోన్ల కోసం పువనేశన్ ఇంజన్‌ని రెండుసార్లు గట్టిగా మోగించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ముందుకి అడుగు వేశారు. మరిడమ్మ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది.

"ఉండండి. ఇంకా అవనేదు."

"ఆర్పు" అన్నాడు మామ.

పువనేశన్ తాళం తిప్పాడు. పాత ఇంజన్, వెంటనే ఆగలేదు. దగ్గుతూ ఇంకొన్ని సార్లు తిరిగింది. మామ తల వంచి, బజారులో కాయని విన్నట్టే దాన్ని విన్నాడు. అది పూర్తిగా ఆగింది.

"దిగు."

"దిగాలా అయ్యా? అలాగే ఫొటో..."

"దిగు నాయనా."

పువనేశన్ దిగి తలుపు వేశాడు. మామ దగ్గరికి వెళ్ళి, కళ్ళు కనపడక తడుముతూ, అరచెయ్యి బానెట్ మీద పెట్టాడు. రేకు వేడిగా ఉండి ఉండాలి. తియ్యలేదు. ఆయన పెదాలు కదిలాయి. అమ్మవారితో అన్నాడో కూర్మయ్యతో అన్నాడో నాకు వినపడలేదు. నేను కర్పూరం వెలిగించి ఇచ్చాను. కాయ మీద పెట్టి బండి చుట్టూ తిప్పాడు. మరిడమ్మ చేతులు చాపినట్టే ఉన్నాయి. రుబిని వచ్చి ఒక చెయ్యి కింద తన చెయ్యి ఆనించింది.

మామ రాతి ముందుకి వచ్చి రెండు చేతులతో కాయ ఎత్తాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఏం మొక్కుకోవాలో తెలియలేదు, ముందే దండం పెట్టడానికి మనసొప్పలేదు. ఊరికే ఉన్నాను.

ఒక్కటే చప్పుడు వినిపించింది. కళ్ళు తెరిచేసరికి కాయ రెండు చిప్పలై పడి ఉంది. నీళ్ళు చిమ్మి ముందు చక్రం తడిసింది.

ఎవరూ కదలలేదు. అందరూ మరిడమ్మ వైపు చూస్తున్నారు. ఆవిడ చేతులు దించింది.

"అయింది. ఎల్లండి" అంది.

జనం బండి దగ్గరికి నడిచారు. మామ వంగి చిప్పలు వెతుక్కుంటుంటే మరిడమ్మ వచ్చి పక్కన కూర్చుని, ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది, రెండోది తను పట్టుకుంది.

"తెల్లగా ఉన్నాదా?" అని అడిగాడు మామ.

"ఉన్నాదన్నా" అంది ఆవిడ. తన చేతిలోని చిప్పని తీసుకెళ్ళి బండి బానెట్ మీద పెట్టింది.